కుడివైపు కిటికీలో నేపాల్

‘దాయాఁ కి బాయాఁ?’ అనడిగాడు టికెట్లు రాసే కుర్రాడు. కుడివైపా, ఎడమవైపా అని. బస్సు సీటుకి కూడా వాస్తు చూడాలా అనుకుని ‘ఏదో ఒకటి రాసెయ్ తమ్ముడూ’ అన్నాను. ఎడమవైపు రాసిచ్చాడు. ఖాట్మండు నుంచి పోఖరాకి 200 కిలోమీటర్లు. ఆ పొద్దంతా నేను చూసింది తొలిచిన కొండ, దాని మీంచి రాలిపడిన మట్టి, ఆ మట్టిని ఎత్తే పొక్లెయినర్లు. నదీ, లోయా, మంచుకొండలూ అన్నీ అవతలి కిటికీలో ఉండిపోయాయి.

నాతో వచ్చింది మా పెద్దక్క. టీచరుగా రిటైరైంది. ముక్తినాథ్ వెళ్లి సాలగ్రామాల గండకిలో కాళ్లు తడుపుకోవాలని ఆమె కోరిక. 3,700 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న క్షేత్రమనీ, అక్కడ గాలి పలచగా ఉంటుందనీ చెప్పగానే డాక్టరు అడ్డంగా తలూపాడు. ‘అయితే కొండలు కింద నుంచే చూద్దాం పదరా’ అంది అక్క. అలా 2024 నవంబరులో నేపాల్‌లో టూరిస్టు బస్సులెక్కి తిరిగాం. నేపాల్ అనగానే వీపుకి సంచి, చేతికి కర్ర, పది రోజుల నడక అనుకుంటాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ, పిల్లలున్నవాళ్లకీ ఆ దేశం బస్సులోంచే బోలెడు కనిపిస్తుంది. విమానంలో పాతిక నిమిషాల్లో దిగేవాళ్లకి అందులో సగం కూడా దక్కదు.

టికెట్ చూసి అక్క మొదట కంగారుపడింది. తేదీ దగ్గర సంవత్సరం 2081 అని ఉంది. నేపాల్‌లో నడిచేది విక్రమ సంవత్, మన వాడుక లెక్కకి దాదాపు 57 ఏళ్లు ముందు. అది సర్దుకుంది గానీ గడియారం దగ్గర దెబ్బతిన్నాం. వాళ్ల టైము మనకంటే సరిగ్గా 15 నిమిషాలు ముందు. అక్క చేతి వాచీలో ఆరూ నలభై అయింది కదా, ఏడింటి బస్సుకి తీరిగ్గా టీ తాగుదాం అనుకుంటుంటే క్లీనరు కుర్రాడు పరుగున వచ్చి మా సంచులు లాక్కెళ్లాడు. బస్సంతా మా మీద ఓ చూపేసింది.

టూరిస్టు బస్సంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. మామూలు బస్సుకీ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే ప్రతి మలుపులోనూ జనాన్ని ఎక్కించుకోదు, నడవలో బస్తాలు పడెయ్యదు, టిఫినుకీ భోజనానికీ ఆగుతుంది. మా బస్సులో సగం మంది పెద్ద పెద్ద సంచుల విదేశీయులు, ఇద్దరు కొత్త దంపతులు, మిగతావాళ్లు మనలాంటి కుటుంబాలు.

నీళ్ల వెంటే దారి

ఖాట్మండు లోయ అంచున నాగ్‌ఢుంగా అనే కనుమ ఉంది. అక్కడిదాకా ఎక్కిన బస్సు ఒక్కసారిగా కిందికి దిగడం మొదలుపెడుతుంది. మన అనంతగిరి ఘాట్ రోడ్డు తెలిసినవాళ్లకి మలుపులు కొత్త కాదు. కొత్తగా అనిపించేది లారీల వరుస. దేశ రాజధానికి బియ్యం, సిమెంటు, గ్యాసు, ఉల్లిపాయలు చాలావరకు ఎక్కేది ఈ దారినే. దీని పేరు పృథ్వీ రాజమార్గ్. చిన్న చిన్న రాజ్యాలను కలిపి నేపాల్‌ను ఒక్కటి చేసిన పృథ్వీనారాయణ్ షా పేరు పెట్టారు. చైనా సాయంతో 1974లో పూర్తయింది. మేం వెళ్లినప్పుడు వెడల్పు పనులు సాగుతున్నాయి. 200 కిలోమీటర్లకి తొమ్మిది గంటలు పట్టింది. దుమ్ముకి అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మరి తియ్యలేదు.

కొండ దిగాక దారికి త్రిశూలి నది తోడవుతుంది. ముగ్లింగ్ దాకా అదే పక్కన, అదీ కుడిపక్కన. నా మెడ అటే తిరిగి ఉండటం చూసి అవతలి సీట్లోని పెద్దాయన లేచి ‘దిదీ, మీరిటు రండి’ అని అక్కకి తన కిటికీ సీటిచ్చేశాడు. మన సైన్యంలో గూర్ఖా పల్టన్‌లో పనిచేసి పింఛను తీసుకుంటున్నాడట. సికింద్రాబాద్‌లో కొంతకాలం ఉన్నాడు. తెలుగులో ఆయనకి గుర్తున్నవి రెండే ముక్కలు: ‘బాగున్నారా’, ‘భోంచేశారా’. ఆ రెండూ వస్తే తెలుగు వచ్చినట్టే అని అక్క సర్టిఫికెట్ ఇచ్చేసింది.

దారిలో ఓ కొండ కనిపించింది. మన లెక్కలో అది పర్వతమే. ‘ఇది ఏ హిమాలయం భాయ్?’ అనడిగింది అక్క. ఆయన నవ్వాడు. మంచు ఉంటేనే హిమాల్ అంటారట. లేకపోతే పహాడ్, ఇంకా చిన్నదైతే డాండా. మన తూర్పు కనుమల్లోకెల్లా ఎత్తయిన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. అంటే మన కొండలన్నీ వాళ్ల లెక్కలో డాండాలే అన్నమాట.

కురిన్‌తార్ దగ్గర రోడ్డు పక్కనుంచే కేబుల్ కారు బయల్దేరి, నది మీదుగా మనకామనా అమ్మవారి గుడికి వెళుతుంది. నేపాల్‌లో ఇదే మొదటి కేబుల్ కారు, 1998లో వచ్చింది. 2.8 కిలోమీటర్లకి పది నిమిషాలు. అక్కడి టికెట్ల పట్టికలో పెద్దలకి ఇంత, పిల్లలకి ఇంత అని ఉంటుంది కదా, మేకకి కూడా ఉంది. మేకకి వెళ్లే టికెట్టే ఇస్తారు. తిరుగు టికెట్ ఉండదు. పెద్దాయన ఈ సంగతి చెప్పి పకపకా నవ్వాడు గానీ, అక్క ఆ తర్వాత పోఖరా దాకా మాంసం పేరెత్తితే ఊరుకోలేదు.

భోజనానికి ఆపిన చోట అందరికీ ఒకటే: దాల్ భాత్ తర్కారీ. కంచుతో చేసిన అంచుపళ్లెం, మధ్యలో బోర్లించిన అన్నం, గిన్నెలో పల్చటి పప్పు, ఆవాకు కూర, ముల్లంగి పచ్చడి, చివర కాస్త గుంద్రుక్. ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టి చేసేదే గుంద్రుక్. నోట్లో పెట్టుకుంటే ఎండిన గోంగూరకి దూరపు చుట్టంలా ఉంది. కూర, పప్పు, అన్నం అడక్కుండానే మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. అక్క సంచిలోంచి కందిపొడి సీసా తీసింది. వడ్డించే అమ్మాయి వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకుని, నీళ్ల కోసం పరిగెత్తింది.

ముగ్లింగ్ దగ్గర దారి చీలుతుంది. త్రిశూలిలో మర్స్యాంగ్దీ కలిసేదీ అక్కడే. పోఖరాకి వంతెన దాటి మర్స్యాంగ్దీకి ఎదురెక్కాలి. చిత్వన్ అడవికి నది వెంట కిందికి దిగాలి. మేం ముందు ఎక్కాం.

చేపతోక నీడ

పోఖరా ఎత్తు 800 మీటర్లకి కాస్త పైన, అంతే. అక్కణ్నుంచి అన్నపూర్ణ శ్రేణి 30 కిలోమీటర్లకి అటూ ఇటుగా ఉంటుంది, అంతే. ఆ కాస్త దూరంలోనే నేల ఆరు వేల మీటర్లకి పైగా లేస్తుంది. మధ్యలో ఇంకో ఎత్తైన కొండ అడ్డు లేకపోవడంతో అరటితోటల వెనకే మంచు కనిపిస్తుంది. ఇలాంటి చోటు హిమాలయాల్లో కూడా అరుదే.

ఫేవా చెరువు మీద పడవని డుంగా అంటారు. రంగు రంగుల చెక్క పడవలు. చెరువు మధ్య లంకలో తాల్ బారాహీ గుడి. ఒకప్పుడు చెరువున్న చోట ఊరుండేదట. దేవత ముష్టికత్తె వేషంలో ఇంటింటికీ వెళితే అందరూ తరిమేశారు, ఒక్క ఇల్లాలు అన్నం పెట్టింది. ‘ఈ రాత్రికి మెరక మీదికి పొండి’ అని చెప్పి వెళ్లిందట ఆ ముష్టికత్తె. తెల్లారేసరికి ఊరు లేదు. పడవ నడిపే ఆమె తెడ్డు ఆపకుండానే ఈ కథ చెప్పింది. తర్వాత పడమటి ఒడ్డు వైపు చెయ్యి చూపించి, అటు తన చిన్నప్పుడు నీళ్లుండేవని, ఇప్పుడు వరి పండిస్తున్నారని అంది. ఏటా వానాకాలంలో హర్పన్ వాగు కొండల మీది మట్టిని తెచ్చి చెరువులో పోస్తుంది. ఊరిని మింగిన చెరువుని ఇప్పుడు మట్టి మింగుతోంది.

నీళ్లలో నీడ పడే కొండ మాఛాపుచ్ఛ్రే. చేపతోక అని అర్థం. పోఖరా నుంచి ఒంటి మొనగానే కనిపిస్తుంది, పక్కకి వెళితేనే రెండు చీలికల తోక తెలుస్తుంది. 6,993 మీటర్లు. 1957లో జిమ్మీ రాబర్ట్స్ నాయకత్వంలో వచ్చిన బ్రిటిష్ బృందంలో ఇద్దరు శిఖరానికి కొద్ది గజాల దూరం దాకా వెళ్లి, అక్కడివాళ్ల నమ్మకాన్ని మన్నించి పైన కాలు పెట్టకుండానే దిగొచ్చారు. ఆ తర్వాత ఎక్కడానికి ఎవరికీ అనుమతి ఇవ్వడం లేదు. అన్నపూర్ణ కథ వేరు. 8,000 మీటర్లు దాటిన పద్నాలుగు శిఖరాల్లో మనిషి మొట్టమొదట ఎక్కింది దాన్నే, 1950 జూన్ 3న. ఎక్కిన ఫ్రెంచివాళ్లలో మోరిస్ హెర్జోగ్ మంచుకి వేళ్లు పోగొట్టుకుని దిగాడు.

సూర్యోదయానికి సారంగ్‌కోట్ కొండ మీదికి వెళ్లాం. చీకట్లోనే వందమంది ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందు చిట్టచివరి మొన మీద బియ్యపుగింజంత గులాబీ రంగు పడింది. అది కిందికి జారుతూ జారుతూ పసుపై, పసుపు తెలుపై, పావుగంటలో మొత్తం శ్రేణి వెలిగింది. కింద పోఖరా ఇంకా చీకట్లోనే ఉంది. మా అమ్మ పేరు అన్నపూర్ణ. అక్క చెప్పులు విప్పి నిలబడి దణ్ణం పెట్టుకుంది. ఫొటో తియ్యమంటే నేను తియ్యలేకపోయాను, చేతులు కొంకర్లు పోయాయి.

ఇక పోఖరాలో లేక్‌సైడ్ వీధి గురించి చెప్పడానికేం లేదు. కాఫీ షాపులూ, పారాగ్లైడింగ్ బోర్డులూ, శాలువాలూ. గోవాకి కొండలొస్తే అలాగే ఉంటుంది.

గజేంద్రుడూ మకరీ ఉన్న ఊరు

చిత్వన్‌కి బస్సు మళ్లీ ముగ్లింగ్ దాకా వచ్చి దక్షిణానికి తిరుగుతుంది. అక్కణ్నుంచి నారాయణ్‌ఘాట్‌కి 36 కిలోమీటర్లు. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క త్రిశూలి. సిమల్‌తాల్ దగ్గర బస్సు నెమ్మదించింది. ఎవరూ చెప్పకుండానే లోపల మాటలు ఆగిపోయాయి. మేం వెళ్లడానికి నాలుగు నెలల ముందు, 2024 జులై 12 తెల్లవారుజామున, కొండచరియ విరిగి రెండు బస్సులను నదిలోకి తోసేసింది. 60 మందికి పైగా గల్లంతయ్యారు. బయటపడింది ముగ్గురే. డ్రైవరు స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి నుదురు తాకి మళ్లీ గేరు మార్చాడు.

ఆ తర్వాత కొండలు ఒక్కసారిగా అయిపోతాయి. వరిపొలాలు, ఆవాల చేలు, సైకిళ్లు. తెరాయి మైదానం ఇది. ఒకప్పుడు ఇక్కడ మలేరియాకి భయపడి కొండవాళ్లు దిగేవాళ్లు కాదు. తట్టుకుని బతికింది ఇక్కడి స్థానికులైన థారూలే. 1950ల్లో డీడీటీ చల్లి మలేరియాను తగ్గించాక కొండల మీంచి జనం దిగారు, అడవి నరికారు. 1960ల చివరికి చిత్వన్‌లో ఖడ్గమృగాలు వందకు అటూ ఇటూగా మిగిలాయి. అంతకుముందు, నేపాల్‌ను ఏలిన రాణాల కాలంలో ఇది వేటస్థలం. 1911లో ఢిల్లీ దర్బారు ముగించుకుని వచ్చిన అయిదో జార్జి బృందం దాదాపు పది రోజుల్లో 39 పులుల్నీ, 18 ఖడ్గమృగాల్నీ కూల్చిన వేట ఇక్కడిదే.

1973లో దీన్ని నేషనల్ పార్క్ చేశారు, నేపాల్‌లో అదే మొదటిది. సైన్యాన్ని కాపలా పెట్టారు. అదొక్కటే అయితే జనానికి అడవి మీద కడుపుమంటే మిగిలేది. 1996లో చుట్టుపక్కల ఊళ్లను బఫర్ జోన్ చేసి, పార్కుకొచ్చే ఆదాయంలో సగం దాకా వాళ్లకే ఇచ్చే ఏర్పాటు చేశారు. 2021 లెక్కలో నేపాల్ మొత్తం ఖడ్గమృగాలు 752, వాటిలో 694 చిత్వన్‌వే. 2022లో ఇక్కడ లెక్కకొచ్చిన పులులు 128.

పార్కు పక్క ఊరు సౌరహాలో మా గైడు థారూ యువకుడు. అడవిలోకి నడిపించే ముందు నిలబెట్టి పాఠం చెప్పాడు. ఖడ్గమృగం వస్తే చెట్టెక్కండి, లేదా వంకరటింకరగా పరిగెత్తండి, దానికి చూపు తక్కువ. ఎలుగుబంటి వస్తే విడిపోకండి, గుంపుగా ఉండి కర్రలు చప్పుడు చెయ్యండి. పులి వస్తే కళ్లలోకి చూస్తూ వెనక్కి అడుగులెయ్యండి. ‘మరి ఏనుగొస్తే?’ అంది అక్క. ‘దేవుణ్ని తలుచుకోండి దిదీ’ అన్నాడు. చెట్టెక్కే వయసు తనది కాదని, జీపే నయమని అక్క తేల్చేసింది.

పడవెక్కడం మాత్రం తప్పలేదు. బూరుగు దుంగను తొలిచి చేసిన దోనె. ఒకరి వెనక ఒకరం గొంతుక్కూర్చుంటే నీళ్లు అంచుకి జానెడు కింద. చేతులు బయట పెట్టొద్దన్నాడు. ఎందుకో రెండు నిమిషాల్లో తెలిసింది. ఇసుకతిన్నె మీద మొద్దులా పడి ఉన్నది కళ్లు తెరిచింది. అది మగర్ మొసలి. కాస్త అవతల సన్నటి పొడుగు మూతి ఘరియల్, మూతి చివర కుండలాంటి బుడిపె. ఆ బుడిపె మగవాటికే ఉంటుంది, ఘరియల్ అనే పేరొచ్చింది దాన్నుంచే. ఇది చేపలు తప్ప మనిషి జోలికి రాదు. మగర్‌కి ఆ పట్టింపు లేదు.

దూరాన రేవులో మావటి ఏనుగుని కడుగుతున్నాడు. అదే ఏట్లో ఏనుగు, అదే ఏట్లో మొసలి. ఈ ఏటి పేరు రాప్తి, కాస్త కింద నారాయణిలో కలుస్తుంది. మనం దారంతా చూసిన త్రిశూలి, మర్స్యాంగ్దీ, పోఖరా నీళ్లు, సాలగ్రామాల కాళీగండకి అన్నీ చేరేదీ ఆ నారాయణిలోకే. మన దేశంలోకి రాగానే దాని పేరు గండక్. అది గంగలో కలిసే సోన్‌పూర్ దగ్గరే గజేంద్రమోక్షం జరిగిందని అక్కడివాళ్లు నమ్ముతారు. పోతన భాగవతం పిల్లలకి ముప్ఫై ఏళ్లు చెప్పిన మనిషి మా అక్క. ముక్తినాథ్‌కి వెళ్లలేకపోయినా గండకి ఇక్కడికే వచ్చిందిరా అంది.

ఏనుగు స్వారీ చేస్తారా అని హోటల్లో అడిగారు. వద్దన్నాం. సాయంత్రం కట్టుకొయ్య దగ్గర కాలికి గొలుసుతో అటూ ఇటూ ఊగుతున్న ఏనుగుని చూశాక ఎక్కబుద్ధి కాదు. జీపులోంచి ఖడ్గమృగాలు నాలుగు కనిపించాయి. అయిదోది, అన్నిటికంటే పెద్దది, రాత్రి భోంచేసి బయటికొస్తే సౌరహా బజారులో కిళ్లీకొట్టు ముందు నిలబడి ఉంది. కొట్టువాడు దీపం ఆర్పకుండా, అరవకుండా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అది నింపాదిగా నడుచుకుంటూ గడ్డిలోకి వెళ్లిపోయింది.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు ముక్కలు. మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. మన వంద రూపాయలకి వాళ్లవి 160. అక్టోబరు, నవంబరు మంచి నెలలు. వానాకాలంలో ఈ దారి మాట ఎత్తకండి, ఏ కాలంలోనైనా రాత్రి బస్సు ఎక్కకండి. ఖాట్మండులో కుర్రాడు అడిగితే ‘దాయాఁ’ అనండి.

తిరుగుదారిలో మేం సునౌలీ సరిహద్దు దాటి గోరఖ్‌పూర్ వచ్చి, వరంగల్, విజయవాడల మీదుగా వెళ్లే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. చిత్వన్ నది పేరే రైలుకి పెట్టారని అక్క మురిసిపోయింది. కాదు. గోరఖ్‌పూర్ పక్కన పారేది పడమటి రాప్తి, చిత్వన్‌ది తూర్పు రాప్తి. రెండూ వేర్వేరు నదులు.