ఒక కంటినే క్షీణింపజేయు వ్యాధి

మనకు కన్నులు రెండైనను చూపు ఒక్కటిగనే తోచును. అందుచే ఒక కంటి చూపు క్రమముగా తరిగిపోవుచున్నను, రెండవ కన్ను ఆ లోటును కప్పివేయును. అట్లు మన గమనమునకు రాకుండ ముదురు వ్యాధి యొకటి కలదు. అది మిక్కిలి అరుదు.

కంటి లోపలి వెనుక భాగమున వెలుగును గ్రహించు పలుచని పొర ఉన్నది. దీనినే రెటినా అందురు. మసక వెలుతురులో చూచుటకు తోడ్పడు కణములు ఇందు వేరుగా నున్నవి. రెటినైటిస్ పిగ్మెంటోసా అను వ్యాధిలో మొదట ఇవి నశించును. తొలుత రేచీకటి కలుగును. పిదప ప్రక్కచూపు తగ్గి, గొట్టములోనుండి చూచినట్లుండును. సుమారు 4,000 మందిలో ఒకరికి వచ్చు ఈ వ్యాధి సాధారణముగా వంశానుగతము. రెండు కన్నులకును వచ్చును. ఒక కంటికే వచ్చుట కడు అరుదు.

అట్లు వచ్చినదని నిర్ణయించుటకు 1952లో ఫ్రాన్స్వా, వెరియెస్ట్ అను బెల్జియం శాస్త్రజ్ఞులు నియమములు ఏర్పరచిరి. రోగమున్న కంటిలో లక్షణములు స్పష్టముగా నుండవలెను. రెండవ కన్ను విద్యుత్పరీక్షలో సైతము నిర్దోషమని తేలవలెను. దానికి ఆలస్యముగానైనను వ్యాధి రాదని రూఢియగుటకు ఐదేండ్లకు పైగా గమనింపవలెను. లోపలి వాపు వలన కలిగినది కాదని నిశ్చయింపవలెను.

ఈ కడపటి నియమము ముఖ్యమైనది. సవాయిరోగము, బలమైన దెబ్బ, కంటిలో చిక్కిన ఇనుపరజను కూడ రెటినాను ఇట్లే పాడుచేయగలవు. వీనిలో కొన్నింటికి చికిత్స కలదు. తొందరపడి వంశరోగమని ముద్ర వేసినచో ఆ చికిత్సకు తగిన కాలము దాటిపోవును. పైగా పిల్లల పెండ్లి మాటలు వచ్చినపుడు ఆ కుటుంబమునకు లేనిపోని అపవాదు మిగులును.

కావున ఇంటిల్లిపాదియు అప్పుడప్పుడు ఒక్కొక్క కంటిని అరచేతితో మూసి, రెండవదానితో చూచుకొనుట మంచిది. గోడమీది క్యాలెండరు అక్షరములు కనబడినంత మాత్రమున చాలదు. నడిమి చూపు చాలకాలము నిలిచియుండవచ్చును. ఎదుటనే చూచుచు, ప్రక్కన కదలించిన చేయి కనబడుచున్నదో లేదో గమనింపవలెను. సందెవెలుగులో మరల చూడవలెను. తేడా తోచినచో నేత్రవైద్యుని దర్శింపవలెను. ఇంటి పరీక్ష అనుమానము కలిగించుటకే గాని తీర్చుటకు కాదు. నశించిన కణములను తిరిగి బ్రతికించు సాధనము నేటికిని లేదు; కాని మిగిలిన కంటిని కాపాడుకొనుట మన చేతిలోనే యున్నది.