తాతగారి పెట్టెలోని తూటా

పెద్దలు గతించిన పిదప వారి పెట్టెలు విప్పి సర్దు పని తరచుగా స్త్రీలదే. పంచెల మడతలలోనో, ఉత్తరముల కట్టల నడుమనో, ఒక్కొక్క యింట నల్లబడిన యిత్తడి తూటా కానవచ్చును. రెండవ ప్రపంచయుద్ధము నాటికి భారతసైన్యము 25 లక్షలకు పెరిగినది. అందు మన ప్రాంతమువారును గలరు. మరికొందరు పోలీసు కొలువు చేసిరి, కొందరు వేటకాండ్రు. కావున నట్టి వస్తువు కనబడుట వింత గాదు.

మా అగళిలో నొక యిల్లాలు మమ్ము నిట్లడిగినది: “అక్కా, మామగారి పెట్టెలో నాలుగు తూటాలున్నవి. పాతసామానుల వాడు వేలు పలుకునని చెప్పుచున్నాడు. అమ్మిన పిల్లవాని ఫీజు గడచునా?” ఇట్టి యాశ తప్పు గాదు. కాని వెల దేనినిబట్టి యేర్పడునో, ఆ వెల మన చేతికి వచ్చునో రాదో తెలిసికొనుట యవసరము.

ఇండ్లలో దొరకునది తరచుగా ‘త్రీ నాట్ త్రీ’ తూటా. ఈ జాతి 1888లో బ్రిటిషు సైన్యమున ప్రవేశించినది. 1910లో వచ్చిన దాని యేడవ నమూనా రెండు మహాయుద్ధములందును వాడబడినది. మన దేశమున పూనా చెంత కిర్కీలో 1869లో నెలకొల్పిన కర్మాగారమున వీనిని చేసిరి. స్వాతంత్ర్యానంతరమును ఈ తుపాకులు పోలీసుల చేతిలో చిరకాలము నిలిచినవి. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020 జనవరి 26న గాని వానికి వీడ్కోలు చెప్పలేదు. కోట్లకొలది పుట్టిన వస్తువు కేవలము పాతదగుటచేత నపురూపము గాదు. ఇది మొదట గ్రహింపవలసినది.

దాని గొట్టము నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము గల యిత్తడి. ముందరి గుండు 174 గ్రెయిన్లు; తులమునకు 180 గ్రెయిన్లు గావున దాదాపు తులమెత్తనుకొనవచ్చును. లోపల ‘కార్డైటు’ అను మందు సేమ్యా పుల్లల కట్టవలె నుండును. లోహముగా తూచిన నీ తూటాకు వచ్చునది చిల్లరయే.

మరి సేకరించువారు దేనిని జూతురు? అడుగుభాగమున చెక్కిన యక్షరములను. ‘ఆర్’, ‘ఎల్’ అని యున్నచో నది యింగ్లండులోని ఊలిచ్ రాజశాలలో పుట్టినది. ‘కె’, ‘ఎఫ్’ అని యున్నచో కిర్కీది. ‘కె’ యొక్కటియే యున్నచో బర్మింగుహాములోని కైనాక్ వారిది. రెండంకెలు సంవత్సరమును దెలుపును. ‘జి’ యున్నచో దారిపొడుగున వెలుగు జిమ్ము తూటా. ‘డబ్ల్యు’ యున్నచో ఉక్కును దూయునది. ‘బి’ యున్నచో నిప్పు రేపునది. మామూలు రకమున కల్పమైన వెల. అరుదైన రకమునకును, అరుదైన సంవత్సరమునకును హెచ్చు. 50 తూటాల గుడ్డపట్టెడ చెక్కుచెదరక యున్నచో విడి తూటాలకంటె నాదరణ మెక్కువ. కవరుతో గూడిన తపాలాబిళ్లకు విలువ హెచ్చుట వంటిదే యిది.

ఇత్తడి కనబడినంతనే చింతపండు పెట్టి తోముట మన యలవాటు. సేకరించువారి కంటి కిది వస్తువును చెరుపుట. తోమిన కొలది యక్షరము లరుగును. కాలము వేసిన వన్నె పోవును. మందున్న తూటాను రుద్దుట యపాయకరము కూడ.

ఇక కథల మాట. “ఇది మన్యపు పోరాటము నాటిది” అని చెప్పినంతమాత్రమున వెల పెరుగదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులను, తూటాలను గైకొని, తాను దీసికొన్నవాని లెక్కను వ్రాసి సంతకము చేసి విడిచెనని ప్రసిద్ధి. తూటా తనంతట నే చరిత్రయు జెప్పదు; దానితో గూడిన వ్రాత చెప్పవలయును. వ్రాత లేని కథకు వెల కట్టువాడు లేడు.

ఇప్పుడు ముఖ్యవిషయము. పై లెక్కలన్నియు అనుమతి గలవారికిని, విదేశములందలి సేకరణకర్తలకును జెల్లును. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అనుమతిపత్రము లేక యొక్క తూటా యుంచుకొన్నను నేరమే, అమ్మినను నేరమే. పెద్దవారి యనుమతిపత్రము వారితోనే ముగియును. అది వారసులకు దానంతట సంక్రమింపదు. పనికిరాని పురాతనాయుధములకు చట్టమున మినహాయింపు గలదని విని, దానిని తూటాకు నన్వయించుకొనరాదు. వేలు పలుకునని చెప్పినవాడు రేపు కానరాడు. కేసు మాత్రము మన గడపలో నిలుచును.

అపాయము వేరొకటి. ఎనుబదేండ్ల నాటి మందు చచ్చినదని నమ్మరాదు. పొయ్యిలోనో చెత్తమంటలోనో పడినచో తూటా పగిలి యిత్తడి ముక్కలు చిమ్మును. అడుగున సొట్ట యున్నంతమాత్రమున నది పేలినదని యనుకొనరాదు. కొట్టియు పేలనివి కలవు. గుండు ముందర నిలిచియున్న ప్రతి తూటాను సజీవమనియే తలపవలయును.

కావున సోదరీమణులు చేయవలసినది యిది. తూటాను కదల్పక, పిల్లలను దూరముంచి, దగ్గరి పోలీసు ఠాణాకు గాని 112కు గాని ఫోను చేయవలయును. సుత్తితో కొట్టుట, గుండు పెరుకుట, బావిలో పడవేయుట, పాతసామానులలో కలుపుట కూడదు. ఖాళీ గొట్టములనైనను ఠాణావారికి జూపి యడుగుడు. అప్పగించిన పిదప ఎన్ని యిచ్చితిమో, ఏనాడిచ్చితిమో వ్రాసిన రసీదు పుచ్చుకొనవలయును.

ఆ యిల్లాలికిని మేమిదియే చెప్పితిమి. నాలుగు తూటాలు ఠాణాకు చేరినవి. ఫీజు సొమ్ము రాలేదు. కాని పెట్టె యడుగున నామె మామగారి సైనిక విడుదలపత్రము, రెండు పతకములు, బర్మానుండి వ్రాసిన యుత్తరములు దొరకినవి. అవి యింట నుంచుట కే యనుమతియు నక్కరలేదు. వానిని చెదలు పట్టకుండ గుడ్డలో జుట్టి పొడిచోట దాచుట, తెలిసిన పెద్దలచే చదివించి పిల్లలకు వినిపించుట గృహిణి ధర్మము. పెట్టెలోని సిరి యదియే గాని తూటా గాదు.