మూసిన మ్యూజియం – కొత్త ప్రేక్షకులు

మ్యూజియం అనగా స్వయంగా వెళ్లి చూడవలసిన స్థలమని మన భావన. 2020లో కరోనా ఆ భావనను పరీక్షించింది. ప్రపంచములోని మ్యూజియములలో సుమారు 90 శాతం, అనగా 85,000కు పైగా, మూతపడినవని యునెస్కో ఆ మే నెలలో ప్రకటించింది.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియమును 2019లో 96 లక్షల మంది దర్శించగా, 2020లో 27 లక్షల మందే దర్శించారు. ఆ ఏడే దాని వెబ్‌సైటుకు 2 కోట్ల 10 లక్షల సందర్శనలు లభించినవి.

ప్రేక్షకుల స్వభావము కూడ మారినది. సాధారణ దినములలో వేళలు, టిక్కెట్టు ధర తెలిసికొనుటకు వెబ్‌సైటు చూచువారు అనేకులు. తలుపులు మూసిన పిమ్మట కళాఖండములే ఆకర్షణలైనవి. ఇంటిలోని వస్తువులతో ఏదేని కళాఖండమును అనుకరించి ఫొటో తీయుడని అమెరికాలోని గెట్టీ మ్యూజియం కోరగా, వేలాది మంది దుప్పట్లు, పాత్రలు చేతబట్టి చిత్రములలోని పాత్రధారులైనారు.

అయితే ఈ ద్వారము అందరికీ తెరువబడలేదు. ఆఫ్రికాలోను, చిన్న ద్వీప దేశములలోను 5 శాతం మ్యూజియములే ఆన్‌లైన్‌లో ఏమైనా చూపగలిగినవని యునెస్కో తెలిపింది. వస్తువులను ముందుగా ఫొటో తీసి, వివరములు వ్రాసి ఉంచిన సంస్థలకే దూరపు ప్రేక్షకులు దక్కినారు. మన గ్రంథాలయములలోని ఉర్దూ, తెలుగు వ్రాతప్రతుల విషయములోను ఇది గమనింపదగినది. తలుపులు తెరచియున్న నాడే ఆ పని జరుగవలెను.