బ్యాడ్ బ్లడ్ అంటే చెడు రక్తం కాదు

‘బ్యాడ్ బ్లడ్’ అనే ఇంగ్లీషు మాట పేపరులో చదివి, అదేమి రక్తపు జబ్బు అని మమ్మల్ని అడిగేవారున్నారు. అది జబ్బు కాదు. ఇద్దరి మధ్య గాని, రెండు కుటుంబాల మధ్య గాని నిలిచిపోయిన పగను ఇంగ్లీషువారు అలా అంటారు. ‘వాళ్ళిద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది’ అంటామే, అదే. బస్సులో సీటు కోసం పోట్లాడి రేపటికి మరచిపోయే దానికి ఈ మాట వాడరు. పొలం గట్టు తగాదా ముదిరి, పెళ్ళికి పిలుపులు మాని, చావుకు కూడా పోని స్థితి వస్తే వాడతారు. ‘దేర్ ఈజ్ బ్యాడ్ బ్లడ్ బిట్వీన్ దెమ్’ అంటే వారి మధ్య పాత పగ ఉన్నదని అర్థం.

పగకు రక్తం పేరెందుకు? మనిషి ఉద్రేకాలు రక్తంలోనే ఉంటాయని పూర్వులు నమ్మేవారు. గ్రీకు వైద్యులు మనిషి గుణమంతా రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాలను బట్టే ఉంటుందన్నారు. జ్వరం వచ్చినా నరం కోసి రక్తం తీసేవారు. మనమూ ‘నా రక్తం ఉడికిపోతోంది’ అంటూనే ఉన్నాం కదా!

అమెరికాలో ఈ మాటనే జబ్బుకూ వాడారు. అలబామా రాష్ట్రంలోని టస్కిగీలో 1932లో ప్రభుత్వ ఆరోగ్య శాఖవారు సుమారు 600 మంది పేద నల్లజాతి పురుషులను పరిశోధనకు చేర్చుకున్నారు. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉన్నది. ఆ పేరు చెప్పక, ‘మీకు బ్యాడ్ బ్లడ్’ అని మాత్రమే చెప్పారు. పెన్సిలిన్ వచ్చిన తరువాత కూడా ఇవ్వలేదు. 1972లో పత్రికలలో బయటపడ్డాక గాని ఆపలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు. అప్పటికి బ్రతికి ఉన్నవారు కొద్దిమందే.

మన ఓ.పి.లో కూడా ‘చెడు రక్తం’ అనే మాట జబ్బు పేరును దాచేస్తున్నది. సెగ్గడ్డలు మళ్ళీ మళ్ళీ లేస్తే చెడు రక్తమని పసర్లు తాగుతారు, షుగరు పరీక్ష చేయించుకోరు. నెలసరి ఎక్కువైతే ‘చెడు రక్తం పోనీలే’ అనుకుంటారు. పోయేది మంచి రక్తమే తల్లీ! హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండవలసిన స్త్రీలు 6, 7 గ్రాములతో, ఆయాసంతో వస్తున్నారు.

ఇంకొకటి చెప్పాలి. కాన్పులో రక్తస్రావమై రక్తం అవసరమైనప్పుడు, ఇవ్వగలిగిన బంధువు ఊళ్ళోనే ఉంటాడు. మాటలు లేవు కాబట్టి పిలవరు. ‘వాడి రక్తం మాకొద్దు’ అంటారు. లోపల మనిషి తెల్లబడిపోతుంటే బయట వరండాలో ఈ మాటలు వినడం మాకు చాలా కష్టంగా ఉంటుంది. దాత ఇచ్చిన 350 మిల్లీలీటర్ల రక్తాన్ని బ్లడ్ బ్యాంకులో హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు. గ్రూపు కలుస్తుందో లేదో చూస్తారు. పగ ఒకరి రక్తంలో నుండి మరొకరికి ఎక్కదు.

18 నుండి 65 ఏళ్ళ లోపు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. గర్భిణీలు తొమ్మిదో నెల రాకముందే ఇద్దరు దాతల పేర్లు మాకు రాయించండి. మీతో మాట్లాడని బంధువైనా సరే, రాయించండి. కబురు మేము పంపుతాము.