జపాను ప్రయాణమున హలాలు భోజనము

ఆకలిగొన్న బిడ్డను వెంటబెట్టుకొని జపాను నగరవీథులలో భోజనశాలను వెదకు ముస్లిము తల్లి కష్టమును ఒకసారి తలపోయుడు. ఆమెకు పందిమాంసము, మద్యము నిషిద్ధములు. తక్కిన మాంసమైనను దైవనామము నుచ్చరించి విధిప్రకారము కోసినదై యుండవలయును.

చేపలు తినుటకు అభ్యంతరము లేదు గదా యని నిశ్చింతగా నుండరాదు. అచ్చట చేపల కూరలలో మిరిన్ అను తీయని మద్యమును పోయుట వాడుక. అందు మద్యసారము నూటికి సుమారు 14 పాళ్లుండును. కొన్ని సోయా రసములలోను మద్యసారమును చేర్చుదురు. రొట్టెలలోని క్రొవ్వు, మిఠాయిలలోని జెలటిను పందినుండి తీసినవి కావచ్చును. కావున పంది, మద్యము అను మాటలను తెలుపు జపాను అక్షరముల రూపములను బయలుదేరుటకు ముందే గుర్తుపట్ట నేర్చుకొనవలయును. వండువారిని అడుగుటకు సిగ్గుపడరాదు.

ఆశ్రయస్థానములును లేకపోలేదు. కోబే నగరమున 1935లో మసీదు వెలసినది. టోక్యోలో 1938లో కట్టి, 2000లో పునర్నిర్మించిన మసీదునందు హలాలు వస్తువుల అంగడి కలదు. అదే నగరములోని షిన్-ఒకుబో ప్రాంతమున హలాలు మాంసము, మసాలాలు దొరకును.

ఇంటినుండి మాంసపు వంటకములను తీసికొని పోరాదు. వానిని ఆ దేశములోనికి రానీయరు. గత్యంతరము లేక ప్రాణరక్షణకై నిషిద్ధమును తినినవారికి దోషము లేదని ఖురాను చెప్పుచున్నది. అయినను ఖర్జూరములు, బిస్కత్తులు సంచిలో నుంచుకొన్న ఇల్లాలికి అంతటి అవస్థ రాదు.