గండికోట: ఏరు త్రవ్విన అగడ్త

కోట యనగానే మనకు ఎత్తైన గోడయు, దాని చుట్టును నీరు నిండిన అగడ్తయు తలపునకు వచ్చును. జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న గండికోటకు ఆ అగడ్తను మనుష్యులు త్రవ్వలేదు, పెన్నానది త్రవ్వినది. ఎఱ్ఱమల కొండలను కోసికొనుచు ఏరు చేసిన గండియే కోటకు పేరైనది.

ఏటివైపు అంచున నిలిచి చూచినచో ఎఱ్ఱని రాళ్ళు దొంతరలు దొంతరలుగా పేర్చినట్లు సుమారు 300 అడుగుల లోతునకు దిగిపోవును. నూరు కోట్ల సంవత్సరములకు పూర్వమే నీటి అడుగున పేరుకొన్న ఇసుక గట్టిపడి ఈ రాయి అయినది. రాతిలో అడ్డముగను నిలువుగను పగుళ్ళుండుటచే అది దిమ్మలుగా విరిగిపడును. అందుచేతనే లోయ వాలుగా గాక గోడవలె నిలిచినది.

ఏరు కాచినది ఒక వైపే. తక్కిన వైపు కాపు మనుష్యులదే. ఇచట తొలి కోటను 1123లో కాకరాజు కట్టించెనని స్థానిక చరిత్రలు చెప్పును. పిమ్మట విజయనగరమునకు లోబడి పెమ్మసాని నాయకులు దీని నేలిరి. మెరక నేల వైపున బురుజులు, ప్రాకారము, ఇనుప మేకుల తలుపులు అమర్చబడినవి.

గోడ శత్రువు నాపును గాని ఆకలిదప్పుల నాపలేదు. కావుననే లోపల చెరువు, విశాలమైన ధాన్యాగారము కనబడును. 1652లో ఇచటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, కొండపైని ఊటనీటితో వరియు చిరుధాన్యములును పండుచుండెనని వ్రాసినాడు.

అయినను అంతకు రెండేండ్ల క్రిందటనే, 1650లో, గోలకొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా కోటను పట్టుకొనెను. ఐరోపా ఫిరంగివాండ్ర సాయముతో ఫిరంగులు కొండపైకి చేరెనని టావెర్నియర్ వ్రాతవలన తెలియుచున్నది. ఏరు కాచిన వైపు ఎంత దుర్గమమైనను, నేలవైపు ద్వారమే కోట తలవ్రాతను నిర్ణయించినది.

ప్రొద్దుటూరు వారు జమ్మలమడుగు మీదుగను, పులివెందుల వారు ముద్దనూరు మీదుగను రావచ్చును. మాధవరాయస్వామి ఆలయమును, జుమ్మా మసీదును చూచి, పిదప లోయ అంచునకు పోవుట మంచిది. అంచున రాళ్ళు జారును. పిల్లల చేయి విడువరాదు. త్రాగునీరు వెంట నుంచుకొనవలెను. ఇక గోడలపై పేర్లు చెక్కువారికి మా మనవి ఒక్కటే: ఫిరంగులకు ఓర్చి నిలిచిన రాతిని మన చేతులతో పాడుచేయవలదు.