పసిబిడ్డకు పసిరికలు: ఎన్నో రోజు? పాలు తాగుతున్నాడా?

మా అమ్మాయి పురిటికి గుడియాత్తం వచ్చింది. మనవడు పుట్టిన మూడోనాడు ముఖం, కళ్ళు పచ్చబడ్డాయి. "పసిరికలే! పొద్దుటెండ చూపించి, పసరు పోయిస్తే పోతాయి" అన్నారు చూడవచ్చినవాళ్ళు. నేనూ అదే నమ్మాను. మా పిల్లలకూ అలాగే చేశాం మరి.

ఐదో రోజుకు పచ్చదనం అరికాళ్ళకు దిగింది. బిడ్డ పాలకు లేవడం మానేశాడు. 'బుద్ధిమంతుడు, నిద్రపోతున్నాడు' అనుకున్నాం. "వదినగారూ, ఇది నిద్రలా లేదు" అంది మా వియ్యపురాలు. కారు మాట్లాడుకుని రాయవేలూరు పరుగెత్తాం. అక్కడ రక్తపరీక్ష చేసి, వెంటనే నీలికాంతి దీపాల కింద పడుకోబెట్టారు. ఇంకా పెరిగి ఉంటే రక్తం మార్చవలసి వచ్చేదట.

డాక్టరమ్మ ఓపికగా చెప్పిన సంగతులివి. పుట్టిన బిడ్డలో ఎర్రకణాలు ఎక్కువ. అవి విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పుడుతుంది. దాన్ని బయటికి పంపే పని లేత కాలేయానికి ఇంకా అలవాటు కాదు. అందుకే సగానికి పైగా బిడ్డలకు రెండు, మూడు రోజులకు పచ్చదనం కనిపించి, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. కానీ మితిమీరితే మెదడుకెక్కుతుంది. చెవుడు, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పడం జీవితాంతం మిగిలిపోతాయి.

ఎండ మాట పూర్తిగా అబద్ధం కాదు. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఎండలో ఉంచిన బిడ్డకు, దుప్పటి కొస కప్పిన చోట మాత్రమే పచ్చదనం తగ్గలేదని సిస్టర్ వార్డ్ గమనించారు. దీపాల వైద్యానికి అదే నాంది. ఆ కాంతి బిలిరుబిన్ రూపు మార్చి మలమూత్రాలలో పోయేట్లు చేస్తుంది. ఎండకు మాత్రం కొలత లేదు; లేత చర్మం కమిలిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది.

అమ్మలారా, ఇవి గుర్తుంచుకోండి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులకు, అరికాళ్ళకు పాకినా, బిడ్డ పాలు తాగక మగతగా ఉన్నా, కీచుగా ఏడుస్తూ వెనక్కి విల్లులా వంగినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే తప్పక చూపించండి. మలం సున్నంలా తెల్లగా ఉంటే పిత్తనాళం మూసుకుపోయిందేమో చూడాలి. దానికి రెండు నెలల లోపు ఆపరేషను జరిగితే ఫలితం మెరుగు. తల్లి రక్తం నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లో తల్లికి యాంటీ-డి ఇంజెక్షను వేయించాలి. అది తర్వాతి కాన్పుకు రక్ష. గ్లూకోజు నీళ్ళు, పసర్లు వద్దు. రోజుకు 8 నుంచి 12 సార్లు తల్లిపాలే పట్టండి.

మా వాడికి చెవి పరీక్ష జరిగేదాకా నాకు నిద్ర లేదు. వంటింట్లో గిన్నె జారిపడితే ఉలిక్కిపడ్డాడా అని పరుగెత్తి చూసేదాన్ని. పరీక్షలో వినికిడి బాగానే ఉందన్నారు. మా వియ్యపురాలు ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే? అందుకే ఇది రాశాను.